మంచులోకి ఏం వేసుకెళ్ళాలి?

బే ఏరియాలో ఉండే మనవాళ్ళకి డిసెంబరు వస్తే రెండే పనులు. ఇండియా టికెట్ల రేట్లు చూసి నిట్టూర్చడం ఒకటి, గ్రూపులో "టాహో ఎప్పుడు పోదాం?" అని మెసేజి పెట్టడం రెండోది. మొదటిది ఎలాగూ తెగేది కాదు కాబట్టి రెండోదే ఖాయమవుతుంది. ఓ డజను మంది కలిసి ఓ క్యాబిన్ బుక్ చేస్తారు. రైస్ కుక్కర్ ఎవరు తేవాలి, పులిహోర ఎవరు కలపాలి, ఆవకాయ సీసా ఎవరిది అని ఓ ఎక్సెల్ షీటు తయారవుతుంది. ఆ షీటులో టైర్లకి వేసే చైన్లకి ఒక వరస ఉంటుంది, పేకముక్కలకి ఒక వరస ఉంటుంది. బట్టలకి మాత్రం ఉండదు. ఎవరి బట్టలు వాళ్ళిష్టం కదా మరి!

పోయినేడాది మేము మొదటిసారి స్కీయింగుకి వెళ్ళొచ్చాం. ఈ సీజన్లో ఇప్పటికి నలుగురు అడిగారు నన్ను, "బాసూ, ఇంట్లో లావు జాకెట్ ఒకటుంది, సరిపోద్దా?" అని. నేనేం స్కీయింగులో పండితుణ్ణి కాదండోయ్. ఇప్పటికీ ఐదేళ్ళ పిల్లలు నేర్చుకునే వాలు మీదే, రెండు కర్రలూ ముందు కలిపి పిజ్జా ముక్క ఆకారంలో పెట్టి, దేవుణ్ణి తలుచుకుంటూ దిగుతాను. కానీ బట్టల గురించి చేసినంత పరిశోధన నేను కారు కొనేటప్పుడు కూడా చెయ్యలేదు. దానికి కారణం ఉంది, తర్వాత చెప్తా.

ముందు మన చలి సంగతి చూద్దాం. నేను పెరిగింది విజయవాడలో. అక్కడ చలికాలం అంటే ఫుట్‌పాత్ మీద తాళ్ళు కట్టి స్వెట్టర్లు అమ్మేవాళ్ళు దిగడమే. సంక్రాంతి దాటితే వాళ్ళూ ఉండరు, చలీ ఉండదు. మరీ సరదా పడితే లంబసింగి వెళ్ళి, తెల్లారుజామున నోట్లోంచి పొగ వదిలి ఫొటో దిగుతాం. ఇక మంచు అంటారా, అది మనకి సినిమా పాటల్లోనే తెలుసు. హీరోకి లోపల స్వెట్టరూ, పైన తోలు జాకెట్టూ, మెడలో మఫ్లరూ. పక్కన హీరోయిన్‌కి పల్చటి షిఫాన్ చీర. ఆవిడ నవ్వుతూనే ఉంటుంది పాపం. ఈ రెండు చదువుల వల్ల మన బుర్రలో రెండు సిద్ధాంతాలు గట్టిగా పాతుకుపోయాయి. చలి ఆగాలంటే బట్ట లావుగా ఉండాలి. అందంగా కనపడాలంటే వణకాలి. స్కీయింగు దగ్గర ఈ రెండూ పనికిరావు.

ఎందుకంటే, మొదటిసారి వెళ్ళినవాడి అసలు సమస్య చలి కాదు, తడి. బాగా వచ్చినవాడు లిఫ్టులో కూర్చుని పైకెళ్తాడు, హాయిగా జారుకుంటూ కిందకొస్తాడు. కొత్తవాడు పడతాడు, లేస్తాడు, ఊడిన స్కీ కోసం ఆ బండ బూట్లతో పైకి ఎక్కుతాడు, మళ్ళీ పడతాడు. ఆ బూట్లూ, స్కీలూ కలిపి ఎంత బరువుంటాయో మోసినవాళ్ళకే తెలుసు. అరగంటలో వీపంతా చెమట. బయట మంచు, లోపల చెమట, మధ్యలో మనం. పైగా నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. కదులుతున్నంతసేపూ ఏమీ తెలీదు. లిఫ్టు లైన్లో పది నిమిషాలు నిలబడితే అప్పుడు మొదలవుతుంది వణుకు.

ఇక్కడే మన జీన్సు ప్యాంటు విలనై కూర్చుంటుంది. నూలు బట్ట నీళ్ళు తాగుతుంది, తాగింది వదలదు. మన ఉక్కపోతకి నూలు దేవుడే, ఒప్పుకుంటా. మంచులో మాత్రం అదే నూలు పగవాడు. ఎవరైనా జీన్సులో స్కీయింగుకి వస్తే పదకొండు గంటలకి వాళ్ళని చూడండి. మోకాళ్ళ దగ్గరా, వెనకాలా ముదురు నీలం రంగు మచ్చలు ఉంటాయి. పన్నెండింటికి ఆ మచ్చలు కలిసిపోతాయి. ఒంటిగంటకి మనిషి కనపడడు, వేడి చాక్లెట్ కప్పు పట్టుకుని లోపల ఉంటాడు. టాహోలో అయితే ఇది మరీ ఎక్కువ. పసిఫిక్ మీంచి వచ్చే తేమ వల్ల అక్కడి మంచు చాలాసార్లు బరువుగా, తడిగా పడుతుంది. దానికి 'సియెర్రా సిమెంట్' అని ముద్దుపేరు. దాంట్లో కూర్చుంటే తడిగుడ్డ మీద కూర్చున్నట్టే.

మరి ఏం వేసుకోవాలి? లేయర్లు. మన జనానికి లేయర్ల గురించి నేను చెప్పాలా, రోజూ వాటిమీదేగా బతుకుతున్నాం! ఒక్కో లేయర్ ఒక్క పని చెయ్యాలి, పక్కదాని పనిలో వేలు పెట్టకూడదు. ఒంటికి అంటుకునేది చెమట లాగి బయటికి పంపాలి. దీనికి మెరీనో ఉన్ని గానీ, పాలియెస్టర్ గానీ. మెరీనో తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకుని కూడా ఒంటికి చల్లగా తగలదు, వాసనా రాదు, కాకపోతే ఖరీదు. పాలియెస్టర్ చవక, రెండోరోజుకి కంపు. ఒక్కరోజు ప్రయాణానికి పాలియెస్టర్ చాలు. దాని పైన వేడిని పట్టి ఉంచడానికి ఓ ఫ్లీస్. పైన గాలినీ, నీటినీ ఆపే జాకెట్.

ఈ పైజాకెట్ కొనేటప్పుడు చీటీ మీద 10కె, 15కె, 20కె అని రాసుంటాయి. చాలామంది అది ఏదో మోడల్ నంబరనుకుంటారు. 10కె అంటే బట్ట మీద 10,000 మిల్లీమీటర్ల ఎత్తు నీటి ఒత్తిడి ఉన్నా లోపలికి కారదని. పక్కన రెండో అంకె ఉంటే అది ఒక చదరపు మీటరు బట్ట ఒక రోజులో ఎన్ని గ్రాముల ఆవిరిని బయటికి పోనిస్తుందో చెప్పేది. మొదటిసారికి రెండూ 10కె ఉంటే ధారాళంగా సరిపోతుంది. రెండో అంకె అసలు రాయలేదంటే కాస్త ఆలోచించండి. రెయిన్‌కోటు కూడా నీళ్ళు ఆపుతుంది, కానీ గంటసేపు వేసుకుని పరిగెత్తి చూడండి, లోపల ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ అయిపోతాం. నీళ్ళు రానివ్వకుండా ఆవిరిని పోనివ్వడం అనే ఈ విద్య గోర్-టెక్స్‌తో పేరుకెక్కింది. 1969లో బాబ్ గోర్ అనే ఆయన పీటీఎఫ్ఈని, అంటే మన నాన్‌స్టిక్ పెనం మీద పూసే పదార్థాన్నే, ఒక్కసారిగా గట్టిగా లాగి చూస్తే అది తెగకుండా సాగి సన్నటి రంధ్రాల పొరగా మారింది. ఇంజనీరింగ్ అంటే ఇదీ.

అన్నట్టు, ఆ లావు జాకెట్ ప్రశ్నకి జవాబు చెప్పనేలేదు. సరిపోదు. మన ఆఫీసు పార్కింగులో, న్యూయార్క్ వీధిలో అది రాజా. బొద్దుగా, ఈకలు కూరి ఉన్న ఆ జాకెట్ వేసుకుని పడి లేస్తుంటే ఇరవై నిమిషాల్లో చెమటలు కక్కి విప్పేస్తారు. విప్పితే చలి. పైగా లోపలి ఈకలు తడిస్తే ముద్దైపోతాయి, ఇక వెచ్చదనం ఉండదు. దాన్ని క్యాబిన్ బయట చలిమంట దగ్గరికి దాచుకోండి.

ఇప్పుడు డబ్బు సంగతి. మనవాళ్ళు బడ్జెట్ అంతా జాకెట్ మీద పెట్టి, మిగిలిన చిల్లరతో ప్యాంటూ గ్లవ్సూ కొంటారు. ఎందుకంటే ఫొటోలో కనపడేది జాకెట్టే కదా. నా లెక్క పూర్తిగా తిరగేసి ఉంటుంది. కొత్తవాడు మంచుకి తగిలించేది వెనకభాగం, మోకాళ్ళు, అరిచేతులు. కాబట్టి ముందు ప్యాంటు, తర్వాత గ్లవ్సు, తర్వాత కళ్ళజోడు, ఆఖర్న జాకెట్. ప్యాంటు పైదాకా వచ్చి భుజాలకి పట్టీలు ఉండే రకమైతే ఇంకా మంచిది, పడ్డప్పుడు నడుం దగ్గర మంచు దూరదు. చేతులకి వేళ్ళు విడివిడిగా ఉండేవాటికన్నా నాలుగు వేళ్ళూ ఒకే గదిలో ఉండేవి వెచ్చన. ఫోన్ తీసి ఫొటోలు దిగడం కుదరదు, అది వేరే విషయం. కళ్ళజోడు తప్పనిసరి. తాజా మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని 80 శాతం దాకా తిప్పికొడుతుంది, టాహో సరస్సే 6,200 అడుగుల పైన ఉంది, స్కీ కొండలు ఇంకా పైన. మబ్బు పట్టినా ముఖానికి సన్‌స్క్రీన్ రాయండి. మన రంగుకి అవసరం లేదనే వాళ్ళ ముక్కులు సోమవారం ఆఫీసులో చూశాను నేను.

సాక్సు గురించి ఒక్క మాట. ఒక్క జతే! రెండు జతలు తొడిగితే వెచ్చగా ఉంటుందనేది మన ఊరి తెలివి. అద్దె బూటు అసలే ఉక్కు సంకెల, రెండు జతలు తొడిగితే రక్తం ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి, మడతలు పడి బొబ్బలెక్కుతాయి. మోకాలి దాకా వచ్చే పల్చటి ఉన్ని జత ఒకటి చాలు. మఫ్లర్ వద్దు, లిఫ్టులో చిక్కుకుంటే ప్రమాదం. దాని బదులు మెడకి తొడుక్కునే గొట్టం లాంటి బట్ట దొరుకుతుంది. మా అమ్మ ఫోన్లో "చిన్నా, మంకీ క్యాప్ పెట్టుకోరా, చెవుల్లోకి గాలి పోద్ది" అని మూడుసార్లు చెప్పింది. హెల్మెట్ కింద ఆ బొచ్చు టోపీ పట్టదమ్మా అంటే వినదు. చివరికి హెల్మెట్ కింద పట్టే పల్చటి మంకీ క్యాప్ కూడా ఉంటుందని తెలిసి, అది పెట్టుకుని ఫొటో పంపాను. అమ్మ గెలిచింది.

ఇక స్టైల్. "కొండ మీద స్టైలేంటండీ, చలి ఆగితే చాలదా" అనే పెద్దమనుషులు ఉంటారు. వాళ్ళకి చిన్న చరిత్ర. ఎమీలియో పుచీ అని ఇటలీ ఫ్యాషన్ డిజైనర్. 1930ల్లో మనలాగే చదువుకి అమెరికా వచ్చి ఆరెగాన్‌లోని రీడ్ కాలేజీలో చేరాడు, అక్కడి స్కీ టీముకి యూనిఫాం డిజైన్ చేశాడు. తర్వాత 1947లో స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌లో ఆయన తయారుచేసిన స్కీ బట్టల్ని టోనీ ఫ్రిసెల్ అనే ఫొటోగ్రాఫర్ ఫొటోలు తీసింది, మరుసటేడు అవి హార్పర్స్ బజార్‌లో వచ్చాయి. అంత పెద్ద డిజైనర్ జీవితం మొదలైంది మంచు మీదే. అప్పటిదాకా స్కీ ప్యాంట్లంటే గాలికి కొట్టుకునే గోనెసంచులు. 1950ల మొదట్లో జర్మనీలో మారియా బోగ్నర్ ఉన్నిలో సాగే నైలాన్ కలిపి ఒంటికి పట్టే ప్యాంటు కుట్టింది. అందంగానూ ఉంది, కదలడానికీ వీలుగా ఉంది. అంటే ఈ ఆటలో అందమూ అవసరమూ మొదట్నుంచీ ఒకే దారంతో కుట్టినవే.

కొలత సరిపోవడమే సగం స్టైల్. మరీ వదులైతే నడుం దగ్గర్నుంచి గాలి దూరుతుంది, మరీ బిగుతైతే లోపల వేడిగాలి నిలవడానికి చోటుండదు. షాపులో ఫ్లీస్ వేసుకునే పైజాకెట్ తొడిగి చూడండి, చేతులు పైకెత్తండి, గొంతుకూర్చోండి. పక్కవాళ్ళు చూస్తే చూడనివ్వండి. రంగు విషయంలో నాదొక్కటే సలహా, తెలుపు వద్దు. మంచు పొగ కమ్మితే పక్కనున్నవాళ్ళకి కనపడరు. ప్యాంటు నలుపో బూడిదో తీసుకుని, జాకెట్ ముదురు రంగు తీసుకుంటే వంద మందిలో కూడా మన మనిషిని దూరం నుంచే పట్టుకోవచ్చు. అదే జాకెట్ వానాకాలం ఆఫీసుకీ పనికొస్తుంది.

ఇప్పుడు, ఇంత పరిశోధన ఎందుకు చేశానో చెప్తా. ఈ స్కీ రిసార్టుల్లో కింద లాడ్జి ఒకటి ఉంటుంది (బస్టాండు ఎదురుగా ఉండే మన లాడ్జి కాదండీ బాబూ, పెద్ద హాలు, కాఫీ కొట్టు, బల్లలు). మేము స్కీయింగు మొదలుపెట్టకముందు ఏడాది, ఊరికే మంచు చూడ్డానికి వెళ్ళి ఆ హాల్లో ఓ గంట కూర్చున్నాం. కిటికీ పక్క బల్లల దగ్గర మనాళ్ళ గుంపులు మూడు నాలుగు ఉన్నాయి. తెలుగు వినపడుతోంది, గుజరాతీ వినపడుతోంది. కూర్చున్నవాళ్ళలో దాదాపు అందరూ ఆడవాళ్ళే. చుట్టూ బ్యాగులు, బూట్లు, పిల్లల డైపర్ సంచులు. జీన్సు, ఊరి నుంచి తెచ్చుకున్న ఉన్ని కోటు, కాళ్ళకి స్నీకర్లు. మగవాళ్ళు కొండ మీద. ఓ ఆవిడని మా ఆవిడ పలకరిస్తే "మాకెందుకమ్మా, పడితే ఎవరు చూస్తారు. ఆయనకి సరదా. ఒక్కరోజుకి నాకూ అన్ని బట్టలు కొనడం దండగ కదా" అందావిడ, నవ్వుతూనే.

పిల్లల్ని ఎవరో ఒకరు చూడాలి, నిజమే. ఇష్టం లేనివాళ్ళని బలవంతంగా కొండెక్కించాలనీ నేననను. కానీ ఆ హాల్లో సగం మందికి ఇష్టం ఉందో లేదో తేలకముందే, షాపింగు దగ్గరే తేలిపోయింది. భర్తకి జాకెట్, ప్యాంటు, గ్లవ్సు వచ్చాయి. భార్యకి "నువ్వెలాగూ ఎక్కవు కదా" అనే మాట వచ్చింది. ఆ జీన్సుతో ఎక్కినా రెండు గంటలకి తడిసి దిగాల్సిందే. దిగితే "చెప్పానా, నీవల్ల కాదని" అంటారు. ఆవిడ వల్ల కాకపోవడం కాదండీ, ఆ ప్యాంటు వల్ల కాలేదు!

మా ఇంట్లోనూ అదే మాట వచ్చింది, ఆవిడ నోటినుంచే. మా ఆవిడ హైదరాబాదులో నాకన్నా రెండేళ్ళు ఎక్కువ అనుభవమున్న టెస్టింగు లీడ్. ఇక్కడికి హెచ్4 మీద వచ్చి పని చెయ్యడానికి అనుమతి కోసం చూస్తోంది. తన జీతం తను తెచ్చుకున్న రోజుల్లో కోఠీలో బేరమాడకుండా కొన్న మనిషి, ఇక్కడ పది డాలర్ల వస్తువు చేతిలోకి తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టేస్తుంది. "నా మీద మూడొందల డాలర్లా? నువ్వు స్కీ చెయ్యి, నేను లాడ్జిలో కూర్చుని ఫొటోలు తీస్తా" అంది. రెండోది ఇంకా మెల్లగా అంది, "ఆ ప్యాంటులో నేను డ్రమ్ములా ఉంటాను."

నాకు ఆ రెండో మాటే అసలు మాట అనిపించింది. స్టైల్ అక్కర్లేదనే వాళ్ళకి ఇదే నా జవాబు. మనిషి తనకి బాగోని బట్టలో, అలవాటు లేని చోట, కింద పడుతూ లేస్తూ పదిమంది ముందు ఎందుకు నేర్చుకుంటుంది?

కాబట్టి మేము షాపింగు ఆవిడ బట్టలతోనే మొదలుపెట్టాం. మూడు షాపులు తిరిగాం. ఆడవాళ్ళ కొలతకి కుట్టిన ప్యాంటు, నడుం దగ్గర సర్దుకునే పట్టీలున్నది, 55 డాలర్లు. సీజను చివర తగ్గింపులో జాకెట్ 70, ముద్దబంతి పువ్వు రంగుది, తనే ఎంచుకుంది. గ్లవ్సు 30, కళ్ళజోడు 35, లోపలి జత 40, సాక్సు 16. మొత్తం 246 డాలర్లు. ఇప్పుడు పెద్ద రిసార్టుల్లో సెలవు రోజున కౌంటర్లో లిఫ్ట్ టికెట్టే 200 డాలర్లు దాటుతోందంటే, ఏళ్ళ తరబడి ఉండే బట్టలకి ఇది దండగ ఎలా అవుతుందో మీరే చెప్పండి. నాకు ఆఫీసులో ఓ కొలీగ్ తన పాత జాకెట్, ప్యాంటు అరువిచ్చాడు. గ్లవ్సు, సాక్సు మాత్రం కొనుక్కున్నా. కొనడం ఇష్టం లేకపోతే స్కీలతో పాటు జాకెట్టూ ప్యాంటూ అద్దెకిచ్చే షాపులు దారి పొడుగునా ఉన్నాయి. పాతబట్టల షాపుల్లో వెతికినా దొరుకుతాయి, జిప్పులూ కుట్లూ ఓసారి చూసుకోవాలంతే. చీటీలు లోపలికి మడిచి, వాడుకుని, సోమవారం తిరిగిచ్చేసే మహానుభావులు కూడా మనలో ఉన్నారు. వాళ్ళకి సలహా చెప్పేంతటి వాణ్ణి కాదు.

కొండ మీద ఏమైందంటారా? ఇద్దరం కలిసి బిగినర్ పాఠం తీసుకున్నాం. మధ్యాహ్నానికి నేను పిజ్జా ముక్క దగ్గరే ఉన్నా. ముద్దబంతి జాకెట్ మాత్రం ఎడమకీ కుడికీ మలుపులు తిరుగుతూ నా పక్కనుంచి పోతూ "జరుగు జరుగు" అని అరిచింది. ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టలేదు, పదిహేనుకి తక్కువ ఉండదు. నాలుగింటికి లిఫ్టులు ఆపేదాకా ఉన్నాం. ఆ రోజు ఫొటోలన్నీ ఒకళ్ళకొకళ్ళం తీసుకున్నవే, లాడ్జి కిటికీలోంచి తీసిందొక్కటీ లేదు.

ఈ ఫిబ్రవరి ట్రిప్పు ఎక్సెల్ షీటులో మా ఆవిడ బట్టలకి ఓ వరస చేర్చింది. ఎవరి దగ్గర ఏముంది, ఎవరికి ఏ సైజు కావాలి అని. డిసెంబరులోనే దేశం నుంచి దిగిన ఓ కొత్త జంట వస్తోంది మాతో. ఆ అమ్మాయికి ముద్దబంతి జాకెట్ కుదిరింది. ప్యాంటు రెండంగుళాలు పొడుగైంది, అది దార్లో అద్దెకి తీసుకుంటాం.